మా ఇంటి పసుపు చేప

చెన్నైలో మా హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి తొట్టె ఉంది. లోపలి రాళ్లమీద జుట్టులాంటి నాచు పట్టేసరికి కొళత్తూరు అంగళ్లలో వెతికి పసుపు సర్జన్ చేపను తెచ్చుకున్నాము. హవాయి దీవుల వైపు జాతి. తోక మొదట్లో రెండు పక్కలా కత్తిలాంటి ముల్లు ఉంటుంది, ఆ పేరు అందుకే. వల వేసేటప్పుడు చేతికి తగిలితే తెలుస్తుంది!

నెలలోపే నాచంతా గీకి తినేసింది. మేము సంబరపడి, తక్కిన చేపలకు వేసే రొయ్య గుళికలే దీనికీ వేస్తూ పోయాము. రాళ్లు తెల్లబడేకొద్దీ దాని పొట్ట లోపలికి పోయింది. మేమెవ్వరం చూడలేదు. అవ్వే కనిపెట్టింది. "పని చేయించుకొని పస్తు పెడతారేంరా? దానికి ఆకు కావాలి," అంది.

సుషీకి చుట్టే నోరి రేకులు, ఉప్పూకారం లేనివి కొని, రోజూ ఒక ముక్క క్లిప్పుతో అద్దానికి తగిలించాము. పొట్ట నిండడానికి రెండు నెలలు పట్టింది.

ఎదిగితే ఇది 20 సెంటీమీటర్లు ఉంటుంది, ఈదడానికి మా తొట్టె చాలదు. ఆరడుగుల తొట్టె ఉన్నవారికి ఇచ్చేద్దామంటే అవ్వ ఒప్పుకోదు. పిల్లలంతా తమిళంలోనే బదులు చెప్తున్నారట. తాను తెలుగులో మాట్లాడితే అద్దం దగ్గరికి వచ్చి నిలిచేది ఇదొక్కటేనట.