ఊపిరి లెక్క

రెండేండ్ల క్రిందటి కార్తికమాసమున, మా చిన్నవానికి పదునాలుగవ నెల నడచుచుండగా, పడిశముతో మొదలై జ్వరము తగిలినది. మూడవనాటి రాత్రి వాడు డొక్క లెగురవేయసాగెను. మావారు గడియారము ముందుంచుకొని లెక్కింపగా నిమిషమునకు 56 ఊపిరులు. తెల్లవారకముందే వైద్యురాలికడకు గొనిపోతిమి. న్యుమోనియా యని చెప్పి, ఆసుపత్రిలో నుంచి మందిచ్చిరి. ఆరవనాడు బిడ్డ నవ్వుచు నింటికి వచ్చెను.

మరుసటి సంక్రాంతికి ఇంట బూజులు దులుపుచుండగా వానికి తుమ్ములు పట్టి, రొమ్ములో పిల్లికూతలు బయలుదేరినవి. “మట్టిలో నాడనీయక పెంచితివి, అమ్మాయీ! అందుకే వానికి సత్తువ లేదు” అని మా యత్తగా రనిరి. “అప్పుడు చలిలో త్రిప్పియుందువు, ఊపిరితిత్తులు నాడే చెడినవి” అని పొరుగింటి పిన్నిగా రనిరి. ఒకరికి శుభ్ర మెక్కువైనది, మరియొకరికి జాగ్రత్త తక్కువైనది. తప్పు మాత్రము నాదే! ఎన్ని రాత్రులో వాని ఊపిరి నాలకించుచు మేలుకొంటిని.

తుదకు వైద్యురాలినే యడిగితిని. ఆమె చెప్పినది నాకు రజ్జుసర్పన్యాయమువలె దోచినది. రోగకారకములగు సూక్ష్మజీవులు ఊపిరితిత్తులలో జొచ్చినప్పుడు రక్తములోని తెల్లకణములు వానిని చుట్టుముట్టి మ్రింగును. అది నిజమైన పాముతో పోరు. ఎలర్జీ యన్ననో త్రాటిని జూచి పామనుకొనుట. దుమ్మును, పుప్పొడిని జూచి దేహము శత్రువని కత్తి దూయును.

“మొదటిదానివలన రెండవది వచ్చునా?” యని యడిగితిని. 1989లో స్ట్రాకన్ అను ఆంగ్లేయ పరిశోధకుడు 17,414 మంది బ్రిటిషు పిల్లల వివరములు చూచి, అన్నలు, అక్కలు ఎక్కువగా నున్నవారికి పుప్పొడివలని పడిశము తక్కువని కనుగొనెనట. చిన్ననాటి యంటులు మేలుచేయునేమో యని ఆయన యూహ. 2007లో డెన్మార్కు వైద్యులు ఉబ్బసముగల తల్లుల శిశువులను పరీక్షించి, నెలనాటికే గొంతులో న్యూమోకాకస్ మొదలగు సూక్ష్మజీవులు చేరినవారికి అయిదేండ్లనాటికి ఉబ్బస మెక్కువని ప్రకటించిరి. ఆ జీవులే శ్వాసనాళములను చెరచినవో, ఆ శిశువుల రక్షణశక్తియే మొదటినుండి వేరో, ఆ పరిశీలన తేల్చలేదు.

“రెండును ఒకే వేరునుండి పుట్టిన కొమ్మలు కావచ్చునమ్మా. మీ బిడ్డకు ఇందువలననే వచ్చిన దనుట ఎవరితరమును గాదు” అని యామె యనగా, నా కన్నులు చెమర్చినవి.

అట్లని చేతులు ముడుచుకొనరాదు. న్యుమోనియా బిడ్డకు పాఠము చెప్పు గురువు కాదు, ప్రాణము దీయు శత్రువు. దానికి ముఖ్యకారణమగు న్యూమోకాకస్‌కు టీకా 2021 నుండి మన దేశమంతట శిశువుల కుచితముగా నిచ్చుచున్నారు: ఆరవ వారమున, పదునాలుగవ వారమున, తొమ్మిదవ నెలలో. మావారి బదిలీ సందడిలో మావానికి కడపటిది తప్పినది. ఆ యొక్క తప్పు నేనొప్పుకొందును, మీరు చేయకుడు. బిడ్డ నిదురించునప్పుడు ఊపిరి లెక్కింపుడు. రెండునెలలు మొదలు ఏడాదిలోపువారికి నిమిషమునకు 50, ఏడాది మొదలు అయిదేండ్లలోపువారికి 40 అయినను, మించినను, డొక్క లెగిరినను, వైద్యునికడకు బోవలయును. పొయ్యిపొగ, చుట్టపొగ బిడ్డదరికి రానీయకుడు.

ఇప్పుడు మావాడు పీల్చుమందుతో కులాసాగా నాడుకొనుచున్నాడు, మట్టిలోనే! నిన్నటిరాత్రి వాడు దగ్గగా, మా యత్తగారు నన్నేమియు ననక, గడియారము తెచ్చి ప్రక్కన గూర్చుండి లెక్కపెట్టిరి.