తాత గడ్డం కత్తి

తాత పోయినంక మా అన్నదమ్ములకు మిగిలింది ఆయన గడ్డం కత్తి ఒక్కటే. మడిస్తే పిడి మధ్యలోకి దిగకుండా ఓ పక్కకు ఒరుసుకునేది. అట్ల తగిలితే అంచు చిట్లి కత్తే పాడవుతది. "పారేసి కొత్తది కొనుక్కోండ్రి" అన్నరు బజార్ల. మేం పారెయ్యలే.

ముందుగాల అంచుకు టేపు అంటించినం. కత్తిని పట్టి కదిపితే ఊగింది, అంటే మేకు వదులైంది. మేకు ఒక తలను ఇనుప దిమ్మెకు ఆనించి, రెండో తలను చిన్న సుత్తితో మెల్లగ తట్టినం. గట్టిగ కొడితే పిడి పగులుతది. ఊగుడు ఆగింది గానీ ఒరుసుడు పోలే. పిడే వంకరపోయింది. అది కొమ్ము పిడి కాబట్టి వేడినీళ్లల్ల ముంచితే కొంచెం మెత్తబడ్డది. సరిచేసి, చల్లారేదాక అట్లనే పట్టుకున్నం. ఇప్పుడు కత్తి సక్కగ మధ్యలకే దిగుతుంది.

తమ్ముళ్లూ, మీ ఇండ్లల్ల ఇసువంటిది ఉంటే ముందు మేకు చూడండి, తర్వాత పిడి. అమ్మెయ్యడం ఆఖరి మాట.