బొమ్మకొక మకుటం

మేముండేది ప్రోతరాపూర్‌లో. దక్షిణ అండమాన్ దీవిలో, మొన్నమొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అనిపించుకొని 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమైన పట్టణానికి చేరువలోని చిన్న ఊరిది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి ఓడెక్కి వచ్చి ఈ దీవుల్లో నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. మాదీ అటువంటి కుటుంబమే. నేను ఆంగ్ల సాహిత్యం చదువుకొని, ఇరవయ్యేళ్లుగా అనువాదాలు చేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను.

చాలాకాలం మాకూ ప్రధాన భూభాగానికీ నడుమ ఇంటర్నెట్ సంబంధం ఉపగ్రహాల దయమీద సాగింది. ఒక ఫొటో పంపాలంటే మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి కూర దించి వచ్చినా, అది ఇంకా సగం దారిలోనే ఉండేది. 2020 ఆగస్టు 10న చెన్నైనుంచి సముద్రగర్భంలో వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమైంది. నాటినుంచి మా దీవుల బొమ్మలు క్షణంలో లోకానికి చేరుతున్నాయి. అంత త్వరగా చేరే వస్తువును అంతే త్వరగా ఎత్తుకుపోవచ్చునని మాకు తెలియడానికి మరికొంత కాలం పట్టింది.

మా అక్క కొడుక్కు ఇరవైమూడేళ్లు. కెమేరా అంటే ప్రాణం. సెలవు దొరికితే చాలు, చిడియా టాపూ వెళ్లి సూర్యాస్తమయం కోసం కాచుకొని కూర్చుంటాడు. వాడు తీసిన ఫొటోల్లో ఒకటి, ఎర్రబడ్డ నీటిలో ఎండిన చెట్టొకటి నల్లగా నిలిచి ఉన్న బొమ్మ, చూసినవారందరినీ ఆకట్టుకుంది. కుడివైపు అడుగున, మూలగా, చిన్న అక్షరాలలో తన పేరు వేసి దాన్ని నలుగురికీ పంచాడు. ఏడాది తిరక్కుండా ఆ బొమ్మ ప్రధాన భూభాగంలోని ఒక పర్యాటక వ్యాపారి ప్రకటనలో ప్రత్యక్షమైంది. పేరున్న మూల శుభ్రంగా కత్తిరించబడింది. ఆకాశం మీద వ్యాపారి ఫోన్ నంబరు వెలిసింది. వాడు మర్యాదగా ఉత్తరం రాస్తే, “మీ పేరు దానిమీద లేదు కదండీ” అని జవాబు వచ్చింది.

వాడి కోపానికి అంతు లేకపోయింది. “పిన్నీ, ఇకమీదట బొమ్మ నడిమధ్యన నిలువెత్తు అక్షరాలతో నా పేరు వేస్తాను. ఎవడు ఎత్తుకుపోతాడో చూస్తాను” అన్నాడు.

“దొంగ ఎత్తుకుపోడు సరేరా, దొర మాత్రం ఆ బొమ్మ ఎందుకు చూస్తాడు?” అన్నాను.

ఈ ప్రశ్న మా ఇంటిది మాత్రమే కాదు. బొమ్మలు గీసేవారు, ఫొటోలు తీసేవారు, చీరల నమూనాలు ఫోనులో చూపి అమ్ముకునేవారు అందరూ నేడు ఎదుర్కొంటున్నదే. గుర్తు చిన్నదైతే నిలవదు. పెద్దదైతే బొమ్మ నిలవదు. మరి దారేది?

వాటర్‌మార్కు అన్న మాట మొదట కాగితాలవారిది. ఇటలీలోని ఫాబ్రియానో పట్టణంలో 13వ శతాబ్దంలో కాగితం చేసేవారు గుజ్జు తీసే జల్లెడమీద తీగతో ఒక గుర్తు అల్లేవారు. తీగ ఉన్నచోట గుజ్జు పలచగా నిలుస్తుంది. ఆరిన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే గుర్తు కనబడుతుంది. మన కరెన్సీ నోటులో తెల్లగా వదిలిన జాగాలో గాంధీజీ ముఖం కనబడేది ఆ పాత విద్య చలవే. ఆ గుర్తును కాగితం మీద అంటించలేదు. కాగితం పుట్టుకలోనే కలిపారు. కాగితం చించకుండా దాన్ని తీసివేయడం సాధ్యం కాదు.

ఆలోచించి చూస్తే ఈ విద్యను మనవారు పద్యంలోనూ పదంలోనూ ఏనాడో సాధించారు. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుడు, అన్నమయ్య సంకీర్తనలలో వేంకటేశుడు, త్యాగరాజు కీర్తనలలో త్యాగరాజే కనిపిస్తారు. సంగీతజ్ఞులు దాన్ని ముద్ర అన్నారు. శతక కవులు మకుటం అన్నారు. అచ్చుయంత్రం ఎరుగని కాలంలో పద్యం ఒక నోటినుంచి మరొక నోటికి, ఒక ఊరినుంచి మరొక ఊరికి పోయేది. శతకంలోని నూరు పద్యాలను విడదీసి ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయినా, ప్రతి పద్యం తన గుర్తును వెంటబెట్టుకుపోయేది. మకుటాన్ని కత్తిరించామా, ఛందస్సు కుంటుపడుతుంది. ఇంతకంటె గట్టి వాటర్‌మార్కు ఏముంటుంది?

అయితే మకుటం దొంగను ఆపిందా అంటే, ఆపిందని చెప్పలేము. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించేనాటికే ఆ పేరుతో లెక్కకు మిక్కిలి పద్యాలు వాడుకలో ఉన్నాయి. అవన్నీ వేమన చెప్పినవి కావని పండితుల మాట. ఎవరెవరో తమ పద్యానికి వేమన మకుటం తగిలించి వదిలారన్నమాట. పరుల పద్యానికి తన పేరు పెట్టుకొనే దొంగతనం ఒకటైతే, తన పద్యానికి పరుల పేరు పెట్టడం దానికి తలకిందులుగా ఉన్న మరొకటి.

ఈ రెండూ నేటి బొమ్మల లోకంలోనూ జరిగాయి. 2017లో గూగుల్ పరిశోధకులు ఒక సంగతి నిరూపించారు. ఒకే వాటర్‌మార్కును ఒకే తీరున వందలాది బొమ్మలమీద వేస్తే, ఆ బొమ్మలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన యంత్రం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పసిగడుతుంది. పసిగట్టి, మనిషి చెయ్యి పడకుండానే దాన్ని చెరిపివేస్తుంది. గుర్తు చోటు మార్చినా, పలచన చేసినా పెద్దగా ప్రయోజనం లేదు. కాని ప్రతి బొమ్మలోనూ గుర్తు ఆకారాన్నే రవంత వంచితే, చెరిపిన చోట మచ్చలు మిగిలాయి. ఆ తరువాత కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక, ఒక్క బొమ్మే చేతిలో ఉన్నా గుర్తు తుడిచివేయడం సులభమైపోయింది.

రెండవది మరీ చిత్రం. గెట్టీ ఇమేజెస్ అనే ఫొటోల సంస్థ 2023లో స్టెబిలిటీ ఏఐ సంస్థ మీద బ్రిటన్‌లో దావా వేసింది. ఆ సంస్థ యంత్రం కొత్తగా సృష్టించిన కొన్ని బొమ్మలమీద గెట్టీవారి వాటర్‌మార్కు వంటిది వంకరటింకరగా వచ్చిందట! ఆ గుర్తు కూడా బొమ్మలో భాగమేనని యంత్రం నేర్చుకుంది కాబోలు. 2025 నవంబరులో లండన్ హైకోర్టు తీర్పు చెబుతూ కాపీరైటు విషయంలో గెట్టీ వాదాన్ని అంగీకరించలేదు. ఆ గుర్తుల మూలంగా మాత్రం కొంతమేరకు ట్రేడ్‌మార్కు ఉల్లంఘన జరిగిందన్నది. వేమన మకుటానికి పట్టిన గతే గెట్టీ ముద్రకూ పట్టింది. అయినా బొమ్మల వాదం వీగిన చోట కొంతలో కొంత నిలిచింది ఆ ముద్రే.

ఇదంతా చెప్పి మావాడితో అన్నాను: “గుర్తు తాళంకప్ప అనుకుంటే నీకు నిరాశే మిగులుతుంది. దాన్ని సంతకం అనుకో. సంతకం దొంగను ఆపదు. వస్తువు ఎవరిదో చెబుతుంది.”

మన చట్టంకూడా సంతకానికే విలువనిచ్చింది. ఫొటో తీసిన మరుక్షణమే కాపీరైటు పుడుతుంది. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణతో ఫొటోకు రక్షణ ఛాయాచిత్రకారుని జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ అయింది. ఆ సవరణే 65బి అనే సెక్షన్ చేర్చింది. కృతిమీద కర్త పేరు వంటి హక్కుల వివరాలను అనుమతి లేకుండా, తెలిసి తొలగించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. అంటే, మూల కత్తిరించిన కత్తెరే నేరానికి సాక్ష్యం. గుర్తే లేకపోతే ఆ సాక్ష్యమూ లేదు.

మావాడు తన పద్ధతి మార్చుకున్నాడు. అసలు ఫైలును, తేదీ సమయాలతో సహా, ఎవరికీ ఇవ్వకుండా భద్రపరుస్తున్నాడు. పైకి పంపేది అచ్చుకు పనికిరానంత చిన్న ప్రతి. పేరును ఖాళీ ఆకాశంలోనో మూలనో వేయడం మానుకొన్నాడు. ఆకాశం వంటి నున్నని చోట తుడవడం క్షణంలో పని. అలల నురగలోనో, కొమ్మల చిక్కులోనో, చూపు ఎలాగూ వాలే చోటికి దగ్గరగా, పలచని అక్షరాలతో, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క వంపుతో వేస్తున్నాడు. కత్తిరిస్తే బొమ్మ కుంటుపడాలి. చూసేవారికి మాత్రం అడ్డు రాకూడదు. ఛందస్సు నేర్వకుండానే మకుటం నేర్చాడు.

ఆ వ్యాపారికి అసలు ఫైలునూ, సెక్షన్ నంబరునూ జతచేసి మరొక ఉత్తరం పంపాడు. డబ్బు రాలేదు, క్షమాపణా రాలేదు. ప్రకటన మాత్రం మాయమైంది. ఆ తరువాత వాడి మరో బొమ్మను ఎవరో అడగకుండానే తీసుకొని శుభాకాంక్షల కార్డుగా మార్చి ఊరంతా తిప్పారు. అదీ దొంగతనమే. కాని ఈసారి నురగలో వాడి పేరు అలాగే ఉన్నది. ఆ పేరు పట్టుకొని ఇద్దరు ముగ్గురు వాడిని వెదుక్కుంటూ వచ్చి బొమ్మలు కొన్నారు.

ఇంత ఆసక్తి నాకెందుకంటారా? అనువాదకుల బ్రతుకంతా ఈ సమస్యే. మా పని కనబడకపోవడమే మా పనితనం. పాఠకుడు చదువుతున్నంతసేపూ మేము అడ్డు రాకూడదు. ఆ వినయాన్ని సాకుగా చేసుకొని, అట్టమీదా లోపలా ఎక్కడా అనువాదకుని పేరు లేకుండా అచ్చైన పుస్తకాలు నేనెన్నో చూశాను. వాటిలో నా చేతి పని కూడా ఉన్నది. అంతర్జాతీయ బుకర్ బహుమతి 2016నుంచి సొమ్మును రచయితకూ అనువాదకునికీ చెరిసగం పంచుతున్నది. 2025లో బాను ముష్తాక్ కన్నడ కథలకు ఆ గౌరవం దక్కినప్పుడు, వాటిని ఆంగ్లంలోకి తెచ్చిన దీపా భాస్తీ పేరు పక్కనే వినబడింది. ఆమె పేరు ఆ కథలకు ఎక్కడా అడ్డు రాలేదు.

పేరు వేసుకోవడాన్ని మనలో చాలామంది ఆడంబరమనుకుంటారు. ఆడంబరమే అయితే క్షేత్రయ్యకూ త్యాగయ్యకూ దానితో పనేముంది? చేసిన పనికి తాను బాధ్యుడనని చెప్పుకోవడమే ముద్ర. ఎత్తుకుపోయేవారు ఎప్పుడూ ఉంటారు. తమ పని ఎంత దూరం పోయినా వెంట తమ పేరు కూడా పోయేలా చూసుకోవడం మాత్రం చేసేవారి చేతిలో ఉన్నది.