మాసిక పడిందా?

చినిగిన బట్టకు మాసిక వెయ్యడం ఒకప్పుడు ప్రతి ఇల్లాలికీ వచ్చిన విద్య. ఇప్పుడు ఆ విద్యా లేదు, ఆ మాటా లేదు. ఆ మధ్య మా క్లాసులో "మాసిక అంటే ఏమిటి?" అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. "పోనీ, ప్యాచ్ అంటే?" అన్నానో లేదో సగం క్లాసు చేతులెత్తింది. కంప్యూటరు తెలిసిన పిల్లలు మరి! మాసిక తెలియని పిల్లలకు ప్యాచ్ తెలుసు. రెండూ ఒకటేనని చెబితే నేనేదో చమత్కారం చేస్తున్నాననుకున్నారు.

చమత్కారం కాదు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీల మీద యంత్రాలకు ఆజ్ఞలు రాసిన రోజుల్లో, ఎక్కడన్నా తప్పు చిల్లు పడితే దానిమీద నిజంగానే ఓ కాగితం ముక్క అతికించేవారు. ఆ అతుకే ప్యాచ్. కాగితం పోయింది, పేరు మిగిలింది. ఇవాళ కంప్యూటరును నడిపే విండోస్ వంటి సాఫ్ట్‌వేర్‌లో కోట్ల కొద్దీ పంక్తులుంటాయి. అంత పొడుగు నేతలో ఎక్కడో ఓ పోగు తెగకుండా వుంటుందా? తెగినచోట దొంగ వేలు దూరుతుంది. అది కనిపెట్టి, తయారుచేసినవాళ్లే పంపే మాసికకు సెక్యూరిటీ అప్‌డేట్ అని పేరు. మైక్రోసాఫ్ట్ వారు 2003 నుంచీ నెలకొకసారి, రెండో మంగళవారం నాడు వీటిని విడుదల చేస్తున్నారు. అప్పటికి మనకు రాత్రి బాగా పొద్దుపోతుంది గనక మన లెక్కకు బుధవారం అనుకోవచ్చు.

ఇందులో ఒక తిరకాసు వుంది. మాసిక వచ్చిందంటే, ఫలానా చోట చిరుగు వుందని లోకానికంతటికీ చాటింపు వేసినట్లే. మంచివాళ్లు మాసిక వేసుకుంటారు. దొంగలు ఆ మాసికను విప్పి చూసి, చిరుగు ఎక్కడుందో తెలుసుకుని, ఇంకా వేసుకోనివాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ బయల్దేరతారు. అంచేత మాసిక రాకముందుకన్నా, వచ్చిన తరవాత వేసుకోకుండా వుండడమే ఎక్కువ ప్రమాదం.

ఇదంతా భయపెట్టడానికి చెప్పే మాట అనుకుంటారేమో. 2017 సంగతి చూడండి. విండోస్‌లోని ఒక పెద్ద చిరుగుకు ఆ ఏడు మార్చి 14న మాసిక వచ్చింది. మే 12న 'వానాక్రై' అనే పురుగు లోకం మీద పడింది. మధ్యలో 59 రోజుల గడువు! ఆ పురుగు పాకడానికి ఎవరూ ఏ మీటా నొక్కనక్కర్లేదు. మాసిక పడని కంప్యూటరు ఒకటి దొరికితే, అక్కడినుంచి మరోదానికి తనంతట తనే పాకిపోయింది. ఫోటోలు, ఉత్తరాలు, లెక్కలు, దేన్నీ వదలకుండా తాళాలు వేసి, 300 డాలర్లిస్తే గాని తియ్యనంది. మూడు రోజుల్లో ఇవ్వకపోతే రెట్టింపన్నది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకు కూడా ఆ బెడద తప్పలేదు. ఇంగ్లండులోని ప్రభుత్వాసుపత్రుల్లో వేలమంది రోగులకు ఇచ్చిన తేదీలు రద్దయ్యాయి.

ఆ ఆసుపత్రుల కథలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పక కాదు. మార్చి 17న ఒకసారి, ఏప్రిల్ 28న ఒకసారి, "మాసిక వేసుకోండి" అని పైనుంచి హెచ్చరికలు వెళ్లాయి. అయితే, వేసుకున్నారా లేదా అని చూసే ఏర్పాటు మాత్రం ప్రభుత్వ శాఖ దగ్గర లేదని తరవాత అక్కడి ఆడిట్ నివేదికే రాసింది. చెప్పడం జరిగింది, చూడడం జరగలేదు. ఎన్ని సంసారాలు ఇలా సాగడం లేదు! "పాలు పొంగకుండా చూడమన్నానుగా" అంటే పాలు పొంగకుండా వుంటాయా?

మా ఇంట్లో చూడడమనే శాఖ మా ఆవిడది. రాత్రి పడుకోబోయేముందు "వీధి తలుపు గడియ వేశారా?" అంటుంది. "వేశాను" అంటాను. అయినా వెళ్లి చూసి వస్తుంది. మొదట్లో నాకిది చిన్నతనంగా వుండేది. పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇప్పుడు అర్థమైంది. ఆవిడ అనుమానం నామీద కాదు, గడియమీద.

ఆ చూపు కిందటి నెల నాన్నగారి కంప్యూటరు మీద పడింది. నేను కాలేజీ పని వేరే దానిమీద చేసుకుంటాను. ఇది నాన్నగారి గదిలో వుంటుంది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డెబ్బయ్యెనిమిదో ఏడు. పెన్షను లెక్కలూ, కరెంటు బిల్లులూ, ఆదివారాలు అమెరికాలో వున్న మా తమ్ముడితో ముచ్చట్లూ అన్నీ దానిమీదే. వీటన్నిటినీ మించి, అందులో మా అమ్మ వుంది.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. అంతకుముందు రెండేళ్లపాటు, ఆవిడకు ఓపిక వున్నప్పుడల్లా కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాను. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు, మొత్తం 112. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు వాటిలో కొన్ని ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మధ్యమధ్య అమ్మ దగ్గూ, వంటింట్లో కుక్కరు కూతా, "ఇంక చాలురా" అన్న మాటా కూడా అందులో వున్నాయి. నాన్నగారు రోజూ సాయంత్రం కాఫీ తాగి ఒక పాట వింటారు. ఒకటే. రెండోది వినరు.

ఏదో కొత్త చిరుగు కనిపెట్టారని, దానికి మాసిక వచ్చిందని మా ఆవిడ ఆ రోజు పేపర్లో చదివింది.

"ఏమండీ, మామయ్యగారి కంప్యూటరుకి ఇది పడిందంటారా?"

ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయి అందుకుంది: "అదంతా ఆటోమేటిక్ అమ్మా. దానంతటదే వేసుకుంటుంది."

"వాషింగ్ మెషీనూ ఆటోమేటిక్కే. నీళ్లొస్తున్నాయో లేదో చూడకుండా బట్టలు వేస్తామా?" అంది మా ఆవిడ.

ముగ్గురం వెళ్లాం. సెట్టింగ్స్ తెరిచి 'విండోస్ అప్‌డేట్' నొక్కితే సంగతి బయటపడింది. మాసిక వచ్చింది, ఇంటికి చేరింది, విప్పి సిద్ధంగా కూడా వుంది. కుట్టు మాత్రం పడలేదు. ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలట, అంటే రీస్టార్ట్ చెయ్యాలట. దర్జీ బట్ట చేతిలో పెట్టుకుని, సూదికి దారం ఎక్కించుకుని, "ఓ నిమిషం చొక్కా విప్పండి బాబూ" అని బతిమాలుతున్నట్లుంది ఆ వాక్యం.

"రోజూ రాత్రి ఆపుతూనే వున్నారు కదా తాతగారూ?" అంది అమ్మాయి.

ఆపడం వేరు, రీస్టార్ట్ వేరు. చాలా కంప్యూటర్లలో మామూలుగా ఆపితే పూర్తిగా నిద్రపోవు. తెల్లారి చప్పున లేవడం కోసం కొంత సరంజామా సర్దిపెట్టుకుని కునుకు తీస్తాయి. కాని నాన్నగారి విషయంలో కారణం అది కాదు. ఆపే చోట నాలుగు మాటలు కనిపిస్తున్నాయి. రెండింటిలో 'అప్‌డేట్' అని వుంది, రెండింటిలో లేదు.

"ఆ అప్‌డేట్ అన్నవాటి జోలికి పోకుండా రోజూ జాగ్రత్తగా రెండోది నొక్కుతున్నాను," అన్నారు నాన్నగారు.

"ఎందుకండీ?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఏదో మార్చి మళ్లీ మొదలెడతానంటోందిరా అది. మీ అమ్మ పాటలు అందులోనే వున్నాయి. మార్చేటప్పుడు పోతే?"

దొంగ ఎత్తుకుపోతాడేమోనని మేము మాసిక వేద్దామంటున్నాం. మాసిక వేసే చెయ్యి చింపేస్తుందేమోనని ఆయన వద్దంటున్నారు. ఇద్దరి భయమూ ఒకే పెట్టె గురించి. అటువంటి చోట "మీకు తెలియదు, ఊరుకోండి" అనడానికి నోరెలా వస్తుంది? పైగా ఆయన భయం బొత్తిగా నిరాధారమూ కాదు. వేళకాని వేళ కరెంటు పోయి, మాసిక సగంలో ఆగి యంత్రం మొరాయించిన సందర్భాలు లోకంలో లేకపోలేదు.

అంచేత ముందు ఆయన భయానికి మందు వేశాం. 112 పాటలూ ఒక విడి డిస్కులోకి ఎక్కించాం. నాలుగు పాటలు అందులోంచి పెట్టి, పలుకుతున్నాయని ఆయన చెవితోనే వినిపించాం. ఆ డిస్కును కంప్యూటరుకు తగిలించి వుంచకుండా ఊడదీసి, అమ్మ పట్టుచీరలున్న బీరువాలో పెట్టాం. తగిలించి వుంచితే పురుగు దానికీ తాళం వేసిపోతుంది. ఇంకో ప్రతి మా తమ్ముడికి పంపాం. ఇన్వర్టరు నిండుగా వుందో లేదో చూశాం. అప్పుడు నాన్నగారే తన చేత్తో 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' నొక్కారు.

నీలపు తెరమీద అంకెలు కదిలాయి. 12 శాతం, 30 శాతం... 30 దగ్గర చాలాసేపు ఆగింది. లెక్కల మాస్టారు అంకెను చూసి బెదరడం నేనెప్పుడూ ఎరగను. ఆ పూట చూశాను. చివరికి తెర తెల్లారింది. "పాట పెట్టమ్మా," అన్నారు మా అమ్మాయితో. అమ్మ గొంతు పలికింది. ఆ రోజు ఆయన రెండు పాటలు విన్నారు.

మా ఆవిడ మటుకు అక్కడితో ఊరుకోలేదు. "పడినట్లు ఎక్కడ రాసి వుంది?" అంది. న్యాయమైన ప్రశ్నే. విండోస్ అప్‌డేట్ లోనే 'అప్‌డేట్ హిస్టరీ' అని వుంటుంది. అది తెరిస్తే 'క్వాలిటీ అప్‌డేట్స్' కింద మాసికల జాబితా కనిపిస్తుంది. ఒక్కోదానికి 'కేబీ' అన్న అక్షరాలతో ఒక నంబరు, పక్కన ఇన్‌స్టాల్ అయిన తేదీ వుంటాయి. తేదీ వుంటే కుట్టు పడ్డట్టు. ఫెయిల్డ్ అని వుంటే పడనట్టు.

"తాతగారూ, కిందటేడు ఫలానా మాసిక నంబరు ఈ జాబితాలో లేదే!" అంది అమ్మాయి, ఎక్కడో చదివిన నంబరు వెతుకుతూ. దానికి నాన్నగారే జవాబు చెప్పారు, అక్కడున్న వివరం చదివి. ఈ నెలవారీ మాసికల్లో వెనకటి నెలలవి కూడా కలిసే వస్తాయట. "క్రితం నిల్వ తెచ్చి కలుపుకోవడమే గదే. ఈ పేజీ మొత్తం సరిపోతే పాత పేజీలు తిరగెయ్యక్కర్లేదు." అంచేత పాత నంబరు కనబడలేదని కంగారు పడనక్కర్లేదు, తాజాది పడిందా అన్నదే చూసుకోవాలి. వెతికే పెట్టెలో 'విన్‌వర్' అని కొడితే వచ్చే చిన్న పలకలో బిల్డ్ నంబరు కూడా వుంటుంది. మాసిక పడినప్పుడల్లా దాని చివరి అంకెలు పెరుగుతాయి. ఏ మాసికకు ఏ నంబరు రావాలో మైక్రోసాఫ్ట్ వారే ప్రకటిస్తారు. రెండూ సరిపోయాయంటే ఇక సందేహం లేదు.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో ఇంకా విండోస్ 10 వున్నవాళ్లు, అన్నీ సరిగా వున్నాయన్న పచ్చ గుర్తు చూసి నిశ్చింతగా వుండకూడదు. దానికి మామూలు మాసికలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. గడువు పొడిగించే ప్రత్యేక ఏర్పాటులో చేరామా, యంత్రాన్ని మార్చాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రావడమే మానేసినవాటికోసం ఎదురుచూసి లాభమేముంది?

మా వంటింటి గోడమీద క్యాలెండరులో పాలవాడి నాగాలూ, గ్యాసు వచ్చిన తేదీలూ మా ఆవిడ రాస్తుంది. ఈ నెల చూస్తే రెండో బుధవారం గడిలో నాన్నగారి గుండ్రని దస్తూరీతో చిన్న 'మా' కనిపించింది. దానికింద తేదీ, బిల్డ్ నంబరు చివరి నాలుగంకెలు, వాటి పక్కన లెక్కల పేపరు దిద్దినప్పుడు పెట్టినట్లు ఎర్రసిరాతో టిక్కు. ఆ టిక్కు పక్కనే నల్లసిరాతో మరో టిక్కు వుంది. అది మా ఆవిడది.