పసుపైతే అడుగు, ఎరుపైతే ఆగు

ఇంజిన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పగల మనిషి ఆయన. బెల్టు వదులైందా, క్లచ్ ప్లేటు అరిగిందా, ఏ చక్రం బేరింగు పోయింది అన్నది బానెట్ ఎత్తకుండానే తేల్చేస్తారు. 20 ఏళ్లకు పైగా అండమాన్ రోడ్ల మీద టాక్సీ నడిపి సంపాదించుకున్న విద్య అది. పోర్ట్‌బ్లెయిర్‌లోని డాలీగంజ్‌లో తోటి డ్రైవర్లు బండి మొరాయిస్తే మెకానిక్ కంటే ముందు ఆయన్నే పిలిచేవారు. అలాంటి మనిషిని, అప్పు చేసి కొన్న ఎస్‌యూవీలో వెలిగిన ఓ చిన్న పసుపు దీపం బెంబేలెత్తించింది.

ఆయన తండ్రి శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి కూలిపని కోసం ఓడెక్కి వచ్చారు. అలా వచ్చి దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఈ ఊళ్లో బజారులో హిందీ, ఇంట్లో తెలుగు, కాగితాల్లో ఇంగ్లిషు. చిక్కంతా ఆ మూడోదానితోనే వచ్చింది. బండితోపాటు ఇచ్చిన వందల పేజీల పుస్తకం ఇంగ్లిషులో ఉంది. తాళాలు అప్పగించిన కుర్రాడు పావుగంటలో మీటలన్నీ గబగబా నొక్కి చూపించి, దండ వేసి, ఫొటో తీసి పంపించాడు. పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోకి వెళ్లింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చించలేదు.

ఇది ఆయన ఒక్కరి సంగతే కాదు. ఎస్‌యూవీ కొనేవారు ఎత్తు చూస్తారు, తెర ఎంత పెద్దదో చూస్తారు, పైకప్పు తెరుచుకుంటుందా అని అడుగుతారు. లోపలి యంత్రం ఎన్ని చక్రాలను తిప్పుతుందని అడిగేవారు తక్కువ. అసలు ఎస్‌యూవీ అంటే ఏమిటో తేల్చడానికి జీఎస్టీ మండలికే 2022 డిసెంబరు దాకా పట్టింది. పొడవు 4 మీటర్లకు మించాలి, ఇంజిన్ 1,500 సీసీ దాటాలి, నేలకూ బండి అడుగుకూ మధ్య కనీసం 170 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, వీటన్నిటితోపాటు జనం దాన్ని ఎస్‌యూవీ అని పిలుస్తూ ఉండాలని కూడా అప్పట్లో అన్నారు! నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందాలన్న నియమం అందులో లేదు. దేశంలో ఆ పేరుతో అమ్ముడుపోతున్న బండ్లలో అత్యధికం రెండు చక్రాలతో లాగేవే. డాలీగంజ్ డ్రైవరు కొన్నది మాత్రం నాలుగు చక్రాల రకం. కావాలనే కొన్నారు. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట, కొండ వాలుల్లో పర్యాటకులను తిప్పేవారికి అది విలాసం కాదు.

జూన్ నెలలో ఒక సాయంత్రం చిడియా టాపు నుంచి వస్తుండగా వాన పట్టుకుంది. ఎగువకు తిరిగే మలుపులో, కారు జారుతున్న బొమ్మతో ఉన్న పసుపు దీపం టకటకా వెలిగి ఆరుతోంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి ఊపందుకోలేదు. ఇదేదో కొత్త రోగం అనుకున్నారాయన. అదే బొమ్మ ఉన్న మీట పక్కనే కనిపిస్తే నొక్కేశారు. దీపం మిణుకుమనడం మానేసింది, బండి ఊపందుకుంది. హమ్మయ్య అనుకునేలోపే వెనుక భాగం పక్కకు జారి కాలువ అంచున ఆగింది. లోపల నలుగురు ప్రయాణికులు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. తన చేతిలో బండి జారడం ఆయనకు అదే మొదటిసారి.

డిప్లొమా చదివే మేనల్లుడు మర్నాడు పుస్తకం కవరు చించాడు. “మావయ్యా, ఆ దీపం వెలిగిందంటే బండి పాడైనట్టు కాదు, బండి నిన్ను కాపాడతన్నట్టు” అన్నాడు. చక్రం పట్టు తప్పుతోందని గ్రహించి కంప్యూటరు ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది, అవసరమైన చక్రానికి మాత్రం విడిగా బ్రేకు వేస్తుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ దీపం మిణుకుమంటుంది. ఆయన నొక్కిన మీట ఆ కాపలానే తగ్గించేసింది. చక్రాలు బురదలో కూరుకుపోయి కాస్త గిర్రున తిరిగితే తప్ప బయటపడలేని పరిస్థితి కోసం పెట్టిన మీట అది, తడి తారు రోడ్డు కోసం కాదు.

పెద్దాయనకు కోపం వచ్చింది. దీపం మీద కాదు, తనకు తెలియనిది పిల్లాడికి తెలిసినందుకు. “నువ్వు పుట్టకముందు నుంచీ స్టీరింగు పడతన్నానురా” అని లేచిపోయారు. రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక ఆయనే పుస్తకం తెచ్చి కుర్రాడి ముందు పెట్టారు. “మొదట్నుంచీ చదువల్లుడా, ఏటుందో విందాం.”

అలా కొన్ని వారాలపాటు సాగిన చదువులో ఆయన పాత అలవాట్లు ఒక్కొక్కటే కూలిపోయాయి. జారే రోడ్డు మీద బ్రేకు ఆపి ఆపి తొక్కాలన్నది పాత గురువులు నేర్పిన పాఠం. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి అది పనికిరాదు. పెడలును గట్టిగా తొక్కి పట్టుకోవాలి. పాదం కింద అదురు పుడితే భయపడి కాలు తీయకూడదు. ఆపి ఆపి బ్రేకు వేసే పని ఆ యంత్రమే సెకనుకు ఎన్నోసార్లు చేస్తోందన్నమాట. దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. దాన్ని ఎలా తొక్కాలో నేర్పడం మాత్రం ఎవరికీ తప్పనిసరి కాలేదు.

తర్వాత నాలుగు చక్రాల మీట. అందులో మూడు స్థానాలు. టూ హై అంటే మామూలు రోడ్డు. ఫోర్ హై అంటే బురద, కంకర, తడిసిన మట్టి. ఫోర్ లో అంటే నిట్టనిలువు ఎక్కుడు, దిగుడు, కూరుకుపోయిన బండి. బండి బలంగా ఉంటుందన్న నమ్మకంతో ఆయన పొడి తారు రోడ్డు మీద కూడా ఫోర్ హైలోనే నడిపేవారు. మలుపులో ముందు చక్రాలు వెనుక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఇలాంటి బండిలో ఆ మీట రెండు ఇరుసులనూ ఒకే వేగానికి కట్టేస్తుంది. మట్టి రోడ్డయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద సర్దుకునే వీలు లేక బిగువంతా గేర్ల మీద పడుతుంది. మలుపుల్లో స్టీరింగు పట్టేసినట్టు ఎందుకుంటోందో ఆయనకప్పుడు అర్థమైంది. ఫోర్ లోకి మార్చాలంటే బండిని ఆపి, న్యూట్రల్‌లో పెట్టాలి. ఆ గేరులో వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. దిగుడులో ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

ఈ విద్యకు అసలు పరీక్ష అండమాన్ ట్రంక్ రోడ్డు. 4వ నంబరు జాతీయ రహదారిలో భాగమైన ఆ దారిలో బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్లే పర్యాటకులు తెల్లవారుజామునే జిర్కాటాంగ్ గేటు దగ్గర బారులు తీరుతారు. అక్కడి నుంచి దారి జారవాల రక్షిత అరణ్యం గుండా పోతుంది. బండ్లన్నీ పోలీసు కాపలాతో గుంపుగా కదలాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ముందు బండిని దాటకూడదు, ఆగకూడదు, ఫొటో తీయకూడదు. జారవాలతో పర్యాటకుల వేషాలు 2012 జనవరిలో వీడియోల రూపంలో బయటపడి దేశం పరువు తీశాక నిఘా మరింత పెరిగింది. ఎంత బలమైన ఇంజినయినా అక్కడ తలవంచాల్సిందే. కొత్త కార్లలో 80 కిలోమీటర్లు దాటితే మోగే హెచ్చరిక 2019 జులై నుంచి తప్పనిసరి అయినా, ఆ అడవిలో దానికి పనే లేదు. అక్కడ అక్కరకొచ్చేవి వేరు. ముందు బండికి తగినంత ఎడం పాటించడం, వేగానికి తగ్గ గేరు, లోపల పిల్లలు పైకప్పులోంచి తల బయటపెట్టకుండా చూసుకోవడం. ఆ కప్పు గాలీ వెలుతురూ కోసమే తప్ప నిలబడి ఊరేగడానికి కాదని పుస్తకంలో స్పష్టంగా రాసుంది.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండిని పంటు ఎక్కించేటప్పుడు ఇంకో పాఠం. సిగ్నళ్ల దగ్గర కాలు తీసినా బండిని కదలకుండా ఆపే ‘ఆటో హోల్డ్’ వేరు, పార్కింగ్ బ్రేకు వేరు. మొదటిది కాసేపు ఆసరా, రెండోదే గొలుసు. అలల మీద ఊగే పంటులో మొదటిదాన్ని నమ్ముకుని దిగిపోతే అంతే సంగతులు.

అన్నిటికంటే ఆయన్ని ఆలోచింపజేసింది ఎయిర్‌బ్యాగుల అధ్యాయం. అవి ఉన్నాయి కదా అని వెనుక సీటువాళ్లను బెల్టు పెట్టుకోమని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడే గానీ దానికి బదులు కాదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ఖరీదైన ఎస్‌యూవీ ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు, వెనుక కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు మూత ఉన్నచోట అతికించిన దేవుడి ప్రతిమను డ్రైవరు ఆ రాత్రే తీసి ఇంట్లో పెట్టారు. మూత తెరుచుకున్నప్పుడు అది తూటాలా ఎదుటివారికే తగులుతుంది. సీటు పక్కనుంచి తెరుచుకోవాల్సిన ఎయిర్‌బ్యాగును మూసేసిన తోలు కవర్లూ ఊడాయి. వాటికి పెట్టిన డబ్బు తలుచుకుని ఇంటావిడ నాలుగు రోజులు సణిగారు.

విన్నది మరిచిపోకుండా ఆయన ఒక నోటు పుస్తకం పెట్టారు. చిన్నప్పుడు బళ్లో నేర్చి, తర్వాత పెద్దగా వాడని తెలుగు అక్షరాలతో, గుండ్రంగా, అక్కడక్కడా గుణింతం తప్పుతూ రాశారు. ఎడమవైపు దీపం బొమ్మ, కుడివైపు దాని అర్థం. పసుపైతే బండి ఏదో చెబుతోంది, నెమ్మదించి అడుగు. ఎరుపైతే పక్కకు తీసి ఆగు. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపు. ఉప్పునీటి దగ్గరికి వెళ్లొస్తే కింద భాగం మంచినీటితో కడుగు. టైరు గాలి ఉదయం, చక్రాలు వేడెక్కకముందే చూడు.

ఇప్పుడు బండి మొరాయించినవారితోపాటు బండి కొత్తగా కొన్నవారూ ఆయన దగ్గరికి వస్తున్నారు. హిందీ మాట్లాడే రాంచీ డ్రైవర్లకూ, తమిళ డ్రైవర్లకూ ఆయన ఆ పేజీలు చదివి హిందీలో చెబుతారు. తెలియని ప్రశ్న వస్తే మునుపటిలా గద్దించరు. “మా అల్లుణ్ని అడిగి రేపు చెబుతా” అంటారు. 20 ఏళ్ల అనుభవం ఉన్న మనిషి నోట ఆ మాట రావడం, ఆ బండిలోని ఏ మీటకూ తీసిపోని రక్షణ.