మనది సమావేశం చర్చి

మా అమ్మమ్మకి 'సమావేశం' అంటే మీటింగ్ కాదు. "మనది సమావేశం చర్చి" అనేది, ఇంటిపేరు చెప్పినంత సులువుగా. తెలుగు బాప్టిస్టు సంఘాలు 1962లో నెల్లూరు కేంద్రంగా పెట్టుకున్న సంస్థ పేరే అదని, పూర్తి పేరు సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్ట్ చర్చెస్ అని డిగ్రీకొచ్చాక గానీ నాకు తెలీలేదు.

హైదరాబాద్ హాస్టల్లో "మీరేంట్లు?" అని అడిగితే "క్రిస్టియన్స్" అనేదాన్ని. అబద్ధం కాదు. కానీ ఆ జవాబు ఎందుకంత హాయిగా ఉండేదో నాకు తెలుసు. అక్కడితో ప్రశ్న ఆగిపోయేది.

మా సంఘం చరిత్ర మాత్రం అక్కడ ఆగదు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. పాతికేళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే చేరారు, మిషన్ మూసేద్దామనుకున్నారు కూడా. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అదే ఏడాది తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగ, తోళ్ల బేరగాడు, అంతకుముందు రాజయోగం నేర్చినవాడు. ఏలూరు వైపు బేరానికెళ్లినప్పుడు ఈ కొత్త దేవుడి మాట విన్నాడట. దొర వెతికి పట్టుకున్న మనిషి కాదు, తనే నడిచొచ్చాడు. మాదిగల్ని చేర్చుకున్నారని తెలిసి పై కులాల పిల్లలు దొర బడి మానేశారు. చెప్పులు కుట్టేవాళ్ల ఈ కథని దొర రెండో భార్య ఎమ్మా 1899లో ఇంగ్లీషు పుస్తకంగా వేసింది. లైబ్రరీలో అది చదువుతూ, అట్ట కనపడకుండా పెట్టుకున్నాను.

తర్వాత ధాత కరువు. క్లౌ ఒకప్పుడు సర్వేయరు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైనే తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చాడు. కూటి కోసం మతం మారారంటారని పని నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అయినా ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నారనుకోండి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులేసుకుని.

"మా తాత ఆ రోజు నీళ్లల్లోకి దిగినోడే" అనేది అమ్మమ్మ. ప్రకాశం జిల్లాలో ఏ బాప్టిస్టు ఇంటికెళ్లినా ఇలాంటి తాత ఒకరుంటారు. నిజమేనా అమ్మమ్మా అంటే, "ఏందమ్మాయ్, నది సాక్షి చెప్పాల్నా నీకు?" అని కసిరేది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీలు కారు. మనకి బీసీ-సి ఇచ్చారు. మాదిగపల్లెలో ఇల్లు మారదు, పిలుపు మారదు, కాగితం మారుతుంది. అందుకే మా ఇళ్లలో ఒక్కో మనిషికి రెండు పేర్లు: చర్చి పుస్తకంలో బైబిలు పేరు, బడి రిజిస్టర్లో ఇంకోటి. నాది బీసీ-సి. తమ్ముడిది ఎస్సీ, హిందూ. ఆ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగం వచ్చింది.

పోయిన వేసవిలో అమ్మమ్మ పోయింది. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరో ఫోన్‌తో వీడియో తీస్తున్నారు. తమ్ముడు గోడ అవతల వేపచెట్టు కింద నిలబడిపోయాడు. అమ్మ రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవలేదు. నేను రెండు గుప్పిళ్ల మట్టి వేశాను, వాడిది కూడా.