ఐపీ కాగితాలు

మొత్తం అయిదు లక్షల పదకొండు వేలు. పెద్ద వ్యాపారులు ఇంతకు పదింతలు అప్పు పెట్టుకుని కూడా నిశ్చింతగా నిద్రపోతారు. సోమందేపల్లిలో ఒక చేతిమగ్గం మీద బతికే ఇంటికి మాత్రం అది మోయలేని బరువు. దీనికి ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, వేయాలా వద్దా అని నేను చాలాకాలం నలిగిపోయాను. చివరికి వేయలేదు. ఎందుకు వేయలేదో, అంతకుముందు నేను చేసిన తప్పులేమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను. హిందూపురం నుంచి ధర్మవరం దాకా మగ్గాలున్న ఇళ్లలో ఇదే ఆలోచనతో నిద్రపట్టనివాళ్లు ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

నేను మొదట షావుకారు దగ్గర కూలికి నేసేవాణ్ణి. పట్టు, జరి ఆయనే ఇస్తాడు. చీర నేసి అప్పగిస్తే కూలి చేతికొస్తుంది. లాభం తక్కువ, భయమూ తక్కువే. తర్వాత సొంతంగా పట్టు కొని నేసి ధర్మవరం అంగళ్లకు ఇద్దామనుకున్నాను. బ్యాంకులో ముద్రా లోను తీసుకున్నాను. పట్టు వ్యాపారి కొంత సరుకు అప్పుగా ఇచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

2017లో కియా కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ కట్టింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. హైవే వెంబడి నేలకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. వేరుశనగ వేసే చేలల్లో రాళ్లు నాటి ప్లాట్లు వేశారు. అందరూ కొంటుంటే నేనూ ఒక ప్లాటు కొన్నాను. దాని ఖరీదు మూడు లక్షల ఇరవై వేలు. అందులో లక్షా ఇరవై వేలు నా దగ్గరున్న డబ్బు, నిజానికి పట్టు కొనడానికి ఉంచుకున్నది. మిగతా రెండు లక్షలకు ఇద్దరి దగ్గర ప్రోనోట్లు రాసిచ్చాను. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. ఏడాదిలో ప్లాటు రెట్టింపవుతుందన్నారు, నమ్మాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. ముందున్నవి పెళ్లి ముహూర్తాలు. పట్టుచీర బతికేదే వాటి మీద. నేసిన చీరలు ఇంట్లోనే ఉండిపోయాయి. అంగళ్లవాళ్లు పాత బాకీలు ఆపేశారు. ఆ తర్వాత గిరాకీ కాస్త తేరుకునేసరికి ముడిపట్టు ధర పెరిగింది. చీటీ పాడుకుని కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. మా వీధిలో ఒక పెద్దమ్మ, భర్త పోయినావిడ, అరవై వేలు తెచ్చి చేతిలో పెట్టింది. నోటు అడగలేదు. వడ్డీ నూటికి రెండు రూపాయలు.

అప్పు పుట్టిన తీరు ఇది. లాక్‌డౌన్ నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నవాటినే చెడగొట్టుకున్నాను.

ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కట్టాను. ప్రోనోటు వాళ్లు వాకిట్లో నిలబడి అరుస్తారు, బ్యాంకువాళ్లు కాగితం పంపుతారు. అందుకని తక్కువ వడ్డీ ఉన్న బ్యాంకు లోను మొండిబాకీ అయింది. మూడు రూపాయల వడ్డీ మాత్రం నెలనెలా ఆరు వేల చొప్పున పోయింది. రెండు లక్షల అసలుకు ఏడాదికి డెబ్బై రెండు వేలు. మూడేళ్లు అలా కడితే వడ్డీయే రెండు లక్షల పదహారు వేలవుతుంది, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. ఈ లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వేస్తే ప్లాటు అమ్మాల్సి వస్తుందని తెలుసు కాబట్టే వేయలేదు. ప్లాటు అమ్మితే ఊళ్లో పలచనైపోతానని భయం.

ఇంకో తప్పు, కట్టిన వడ్డీకి నోటు వెనక చెల్లు రాయించుకోకపోవడం. నమ్మకం మీద నోట్లు ఇచ్చిపుచ్చుకునే ఊళ్లో చెల్లు అడగడం మర్యాద కాదనుకున్నాను. తీరా లెక్క తేల్చే రోజున, నేను కట్టానన్న వడ్డీలో కొన్ని నెలలవి వాళ్లు ఒప్పుకోలేదు. నా దగ్గర చూపించడానికేమీ లేదు.

అప్పుడే ఒక బంధువు ఐపీ మాట ఎత్తాడు. ‘‘కోర్టులో కాగితం వేసేయ్ అప్పా, ఒక్కడు కూడా గడప తొక్కడు’’ అన్నాడు. ప్లాటు ముందుగానే నా భార్య పేరుమీదికి మార్చేస్తే అదీ మిగులుతుందన్నాడు. ఆ మాట విని దానపత్రం రాసి రిజిస్టర్ చేయించాను. నేను చేసిన పనులన్నిటిలో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గనిపించేది ఇదే. నా భార్య సంతకం పెట్టేటప్పుడు అడిగింది: ‘‘నా పేరుమీద రాసినారు సరే, రేప్పొద్దున కోర్టులో నన్నడిగితే ఏం చెప్పల్ల?’’ నేను జవాబు చెప్పలేదు.

పెనుకొండలో ఒక పెద్ద వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు చట్టం చెప్పాడు. దివాలా కోసం 2016లో పార్లమెంటు కొత్త కోడ్ తెచ్చింది. అందులో నాలాంటి మామూలు మనుషుల అప్పులకు సంబంధించిన భాగం మాత్రం అమల్లోకి రాలేదు. 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే వర్తింపజేశారు. మనకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. అప్పులు తీర్చలేనివాడు, బాకీ అయిదు వందల రూపాయలున్నా పిటిషన్ వేయొచ్చు. ఆ అయిదు వందలు నూరేళ్ల కిందటి అంకె, అలాగే ఉండిపోయింది.

కొత్త కోడ్‌లో పేదలకోసం అప్పు మాఫీ చేసి కొత్తగా బతకనిచ్చే పద్ధతి ఒకటి రాశారు. అది అమల్లోకి వచ్చినా ఎందరికి అందుతుందో చూడండి. ఏడాది ఆదాయం అరవై వేలు దాటకూడదు, ఆస్తి ఇరవై వేలు దాటకూడదు, అప్పు ముప్పై అయిదు వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. మా వీధిలో ముప్పై అయిదు వేలకు లోపు అప్పున్న మగ్గం ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. పెద్ద కంపెనీల దివాలాకు ఇన్నేళ్లుగా దారి నడుస్తుంటే, నేతగాడికీ రైతుకీ పెట్టిన ఆ చిన్న గుమ్మం కాగితం మీదే మూసి ఉంది.

తర్వాత వకీలు నన్ను అడగడం మొదలుపెట్టాడు. ‘‘ఆస్తి ఏముందయ్యా?’’ ఏమీ లేదన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ‘‘ఈమధ్య ఎవరి పేరుకైనా మార్చినావా?’’ చెప్పాల్సి వచ్చింది. దానపత్రం రాసిన రెండేళ్ల లోపల పిటిషన్ పడితే, కోర్టు దాన్ని రద్దు చేసి ప్లాటును ఆస్తిలో కలపొచ్చని చెప్పాడు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్కడికే మేలు జరగాలని వాడి బాకీ తీర్చినా అదీ నిలబడదు. ఆస్తి దాచినట్టు రుజువైతే శిక్ష కూడా ఉంది. నా భార్య అడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు, చట్టం మాటల్లో.

నేను భయపడిన కొన్నింటికి మాత్రం ఆయన ధైర్యం చెప్పాడు. అరెస్టు చేయిస్తామని ప్రోనోటువాళ్లు బెదిరించేవాళ్లు. డబ్బు లేని పేదవాణ్ణి అప్పు కట్టలేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు జస్టిస్ కృష్ణయ్యర్ రాసినది. ఇచ్చే స్తోమత ఉండి ఎగ్గొట్టేవాడి సంగతి వేరు. నా మగ్గాన్ని కూడా ఎవరూ జప్తు చేయలేరు, చేతివృత్తివాడి పనిముట్లకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రక్షణ ఉంది. దివాలా తీసినా మగ్గం మగ్గంలాగే ఉంటుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నేనెన్ని రాత్రులు ప్రశాంతంగా పడుకునేవాణ్ణో.

పట్టు వ్యాపారికి ఇచ్చిన ఖాళీ చెక్కు సంగతి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు, ఐపీ దాన్ని ఆపదు. చెక్కు వెనక్కి వచ్చాక వ్యాపారి నోటీసు ఇస్తాడు, అందిన పదిహేను రోజుల్లో కట్టకపోతే కోర్టుకు వెళ్తాడు, రెండేళ్ల దాకా జైలు, చెక్కుకు రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. ఐపీ వేస్తే అందరి నోరూ మూతపడుతుందన్న నా బంధువు మాట అక్కడే తేలిపోయింది.

చివరికి ఆయన ఒక తెల్లకాగితం ఇచ్చి, ఎవరికెంత ఇవ్వాలో అంతా రాయమన్నాడు. వీళ్లందరూ పిటిషన్‌లో ప్రతివాదులవుతారు, అందరికీ కోర్టు నోటీసు వెళ్తుంది అన్నాడు. ప్రోనోట్లు రెండు లక్షలు. చీటీ వాయిదాలు తొంభై ఆరు వేలు. బ్యాంకు ఎనభై అయిదు వేలు. పట్టు వ్యాపారికి డెబ్బై వేలు. ఆ తర్వాత పెద్దమ్మ పేరు రాయాలి. అక్కడ నా చేయి ఆగిపోయింది. మందులకోసం దాచుకున్న డబ్బు తెచ్చి నాకిచ్చిన మనిషి, చదువు రాని మనిషి, కోర్టు కాగితం పట్టుకుని ఎవరితో చదివించుకుంటుంది? కాగితం లేని ఆ అప్పును కోర్టులో ఎలా రుజువు చేసుకుంటుంది?

‘‘చీటీకి జామీను ఎవరు?’’ అని అడిగాడు వకీలు. నాతో కలిసి చదువుకున్న స్నేహితుడు, గవర్నమెంటు బడిలో టీచరు. ‘‘నీకు కోర్టు విడుదల ఇచ్చినా జామీనుదారుడికి ఇవ్వదయ్యా. చీటీవాళ్లు ఆయన జీతం మీద పడతారు’’ అన్నాడు. నేనిన్నాళ్లూ ఐపీ గురించి ఆలోచించినది నా పరువు పోతుందా నిలుస్తుందా అన్న ఒక్క వైపు నుంచే. నా భారం దిగి ఎవరి నెత్తిన పడుతుందో చూడనే లేదు.

ఇంటికొచ్చి నా భార్యతో కూర్చుని లెక్క వేశాం. ఇద్దరం నేస్తే నెలకు పద్నాలుగు, పదిహేను వేలు. ప్రోనోట్ల వడ్డీ ఆరు వేలు, పెద్దమ్మకు పన్నెండు వందలు, చీటీకి నాలుగు వేలు. పదకొండు వేల రెండు వందలు వడ్డీలకూ చీటీకే పోతే తిండికీ బ్యాంకుకీ ఏముంటుంది? ప్రోనోట్లు తీసేస్తే మాత్రం మిగతావి మోయగలం. ప్లాటు అమ్మేద్దామని ఆమే అంది.

ప్లాటుకు రెండు లక్షల అరవై వేలు వచ్చింది, అరవై వేలు నష్టం. ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి ప్రోనోటువాళ్లతో మాట్లాడాం. బాకీ ఉందని వాళ్లన్న వడ్డీలో చాలావరకు వదులుకుని ఇద్దరూ కలిపి రెండు లక్షల ఇరవై వేలకు ఒప్పుకున్నారు. నోట్లు వెనక్కి తీసుకుని అక్కడే చించేశాం. మిగిలిన నలభై వేలు పట్టు వ్యాపారికిచ్చి ముందుగా ఆ ఖాళీ చెక్కు తీసుకున్నాను. నేను మళ్లీ షావుకారు దగ్గర కూలినేతకు చేరాను. బ్యాంకు బాకీ లోక్ అదాలత్‌లో తేలింది. కేసు పడకముందే అక్కడికి వెళ్లవచ్చని నాకు అంతదాకా తెలియదు. ఖర్చు లేదు, అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. వడ్డీ తగ్గించి వాయిదాలు కట్టుకోమన్నారు.

పెద్దమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ‘‘ముందే చెప్పుంటే వడ్డీ అడిగేదాన్నా నాయనా?’’ అంది. ఆమెకు ఒక నోటు రాసిచ్చాను. ఇచ్చినప్పుడల్లా దాని వెనక చెల్లు రాస్తున్నాను, నాకోసం కాదు, నాకేమైనా అయితే ఆమె చేతిలో కాగితం ఉండాలని.

ఇది చదివి ఐపీ చెడ్డదనుకుంటే నా మాట తప్పుగా అర్థమైనట్టే. నాకు అమ్మడానికి ప్లాటు ఉంది, నేయడానికి ఇద్దరం ఉన్నాం. అవి లేకపోయుంటే నేనే పిటిషన్ వేసేవాణ్ణి, వేయడమే న్యాయం కూడా. వడ్డీ కట్టడానికి ఇంకో వడ్డీకి తెచ్చి, ఆఖరుకి ప్రాణం తీసుకోవడం కన్నా కోర్టు మెట్లెక్కి ‘నా వల్ల కాదు’ అని చెప్పడం వెయ్యి రెట్లు మేలు. ఆ చట్టం దొంగల కోసం పెట్టింది కాదు. సరుకు దాచి, ఆస్తి మార్చి ఐపీ వేసే కొందరి వల్ల దానికి చెడ్డపేరు వచ్చింది. నేనూ దాదాపు ఆ దారే తొక్కబోయాను.

మా దాయాది ఒకాయనకు భార్య ఆపరేషన్‌తో అప్పులయ్యాయి. ఆయనకు స్థలం లేదు, జామీను నిలబడినవాళ్లు లేరు, చెక్కులూ ఇవ్వలేదు. లెక్క వేస్తే ఆయన కూలి వడ్డీకే చాలదు. ఆయన్ను వెంటబెట్టుకుని అదే వకీలు దగ్గరికి వెళ్లాను. అప్పులవాళ్ల పేర్లు రాసేటప్పుడు నేనిచ్చిన పదివేలు వదిలేయబోయాడు, ‘‘నీ పేరెట్లా రాసేదప్పా’’ అంటూ. ఒక్కటి దాచినా మిగతా జాబితాను కోర్టు నమ్మదని చెప్పి రాయించాను. పిటిషన్ ఇప్పుడు నడుస్తోంది. ప్రతివాదుల్లో నేనూ ఉన్నాను. నోటీసు వచ్చింది, తీసుకుని సంతకం పెట్టాను.